కంప్యూటరుకు పెద్ద కరెంటు

ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసే తిరుపాల్ ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా సులువైనది. తొమ్మిదింటికి కంప్యూటరు ముందు కూర్చోవాలి. మధ్యాహ్నం భోజనం లోపల అంచు గీయడం ముగించాలి. సాయంత్రం కుళ్లాయప్ప వస్తే చూపించాలి. కుళ్లాయప్ప ముప్పై మగ్గాలున్న ఆసామి. తిరుపాల్ ఇంట్లో పొయ్యి వెలిగేది సగానికి సగం ఆయన ఇచ్చే పనివల్లే. హిందూపురంలో ఒక పెళ్లివారు ఆయనకు ఒకే అంచుతో నలభై చీరలు పురమాయించారు. పెళ్లికూతురి తల్లి సుధారాణి అంచు చూసి సరేనంటేనే ఆ డిజైను ప్రకారం చిల్లులు వేసిన జాకార్డు అట్టలు చేయించి మగ్గాలమీదికి ఎక్కించేది. ఆమెను ఆ రోజు తనే వెంటబెట్టుకుని వస్తానన్నాడు కుళ్లాయప్ప. ఈసారి కూడా కాలేదంటే ఇకమీదట తన పనంతా హిందూపురంలోనే వేరేవాళ్లకు ఇచ్చుకుంటానని కూడా అన్నాడు.

ఈసారి కూడా అనడానికి కారణం ఉంది. నాలుగు రోజులుగా తిరుపాల్ కంప్యూటరు ఇరవై నిమిషాలు పనిచేసి, చెప్పాపెట్టకుండా ఆగిపోతోంది. కాసేపు వదిలేసి కీబోర్డు మీది మీట నొక్కితే ఏమీ ఎరగనట్టు మళ్లీ లేచి కూర్చుంటుంది. మళ్లీ ఇరవై నిమిషాలకు అదే వరస.

అయినా తిరుపాల్‌కు చీమంత బెంగ లేదు. తప్పు ఎక్కడుందో అతనికి ఇంకా తెలియకపోయినా, ఎక్కడ లేదో బాగా తెలుసు. మూడేళ్ల కిందట విడిభాగాలు కొనుక్కొచ్చి ఆ పెట్టెను అతనే స్వహస్తాలతో బిగించాడు. తాను బిగించిన పెట్టెలో తప్పుండడం జరిగే పని కాదు. కాబట్టి తప్పు పెట్టెకు బయట ఉంది. ఇంత తేలిగ్గా తేలిపోయిన విషయానికి బల్ల కిందికి వంగి ఆ పెట్టెను చూడాల్సిన అవసరం అతనికి కనిపించలేదు.

"ఒకసారి ఆ పెట్టె చూడగూడదా?" అంది భార్య నాగలక్ష్మి కాఫీ ఇస్తూ.

"పెట్టెలో ఏముండాది చూసేకి? కరెంటు సరిగా రావడంలేదు."

"లైటు ఎలుగుతాండాదే. టీవీ ఆడతాండాదే."

"లైటుకు చిన్న కరెంటు సాలు. కంప్యూటరుకు పెద్ద కరెంటు కావాల. నీకు తెలీదులే."

పదిహేనేళ్ల కాపురంలో "నీకు తెలీదులే" తర్వాత మాట్లాడి లాభం లేదని నాగలక్ష్మికి తెలిసిపోయింది. గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.

తొమ్మిదింటికి తిరుపాల్ మొదలుపెట్టాడు. అతని మనసులో ఉన్న అంచు మామూలుది కాదు. కింద ఏనుగుల వరస, దానిమీద గోపురాలు, గోపురానికి రెండు నెమళ్లు, వాటిని చుట్టుకుంటూ మామిడిపిందెల తీగ. మొదటి నెమలికి తల మీద కుచ్చు పెడుతుండగా తెర నల్లబడింది. గీసిందంతా గాలికి పోయింది. మధ్యమధ్యలో పనిని భద్రం చేసుకునే అలవాటు అతనికి లేదు. సగం గీసిన బొమ్మను దాచుకోవడం సగం తిన్న విస్తరిని అటకెక్కించడం లాంటిదని అతని అభిప్రాయం.

ప్లగ్గు వదులై ఉంటుందనుకున్నాడు. వంటింటి ప్లగ్గు నుంచి నడవ మీదుగా తీగ లాగాడు. సమయం ఆదా అవుతుందని ఈసారి ఏనుగుల్ని మానేసి, నేరుగా గోపురాలతో మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలకు గోపురాలు కూడా పోయాయి. అప్పుడే కుళ్లాయప్ప ఫోన్ చేశాడు.

"తిరుపాలూ, హిందూపురంలో బయలుదేరినాము. పెనుకొండలో ఈయమ్మ వాళ్ల అక్క ఇంట్లో భోంచేసి వస్తాము. అయితాండాదా?"

"అయిపోతాండాది అన్నా. నెమలికి తోక ఒగటే మిగిలుండాది."

నిజానికి ఆ క్షణంలో తోకకు ముందుండాల్సిన నెమలి కూడా లేదు. ఫోన్ పెట్టేసి తిరుపాల్ రెండు నిమిషాలు ఆలోచించాడు. ప్లగ్గు కాదు. ఇక మిగిలింది ఎర్తు. వాకిట్లో కరెంటు తీగ భూమిలోకి దిగే గుంత ఒకటుంది. ఈ చలికాలం అంతా అందులో చుక్క నీళ్లు పోసినవాడు లేడు. ఎండిన ఎర్తుకు ఉప్పునీళ్లు పోయాలన్నది అతనికి నాయన నేర్పిన విద్య. వంటింట్లోకి వెళ్లి రాళ్లుప్పు డబ్బా చంకన పెట్టుకున్నాడు.

పొయ్యి దగ్గరున్న తల్లి బాలనాగమ్మ తలెత్తి చూసింది. "ఉప్పంతా యాడికి ఎత్తకపోతాండావురా?"

"కరెంటుకు మా."

"కరెంటుకు ఉప్పు తక్కువైందా?"

"అవును మా. నీకు తెలీదులే."

డబ్బాడు ఉప్పు, రెండు బిందెల నీళ్లు గుంతలో పోసి మళ్లీ కూర్చున్నాడు. ఈసారి గోపురాలూ వద్దనుకున్నాడు. ముందు రెండు సన్నటి గీతలు వేసి, నెమళ్లు రావలసిన చోట్లు తెలియడానికి చిన్న చిన్న చుక్కలు పెట్టాడు. చీపురుతో అటుగా వచ్చిన నాగలక్ష్మి తెర వైపు చూసి ఆగింది.

"ఇంతవరకన్నా దాచు."

"ఏముండాదని దాచేకి? రెండు గీతలు."

"ఆ రెండు గీతలే దాచు."

ఆమె నోరు మూయించడానికి దాచాడు. మొదటి నెమలికి ముక్కు గీసేసరికి తెర నల్లబడింది.

ఇక ఇది ఇంటి కరెంటు సంగతి కాదు, వీధి కరెంటు సంగతి అని తిరుపాల్‌కు రూఢి అయింది. లైన్‌మన్ పోతులయ్యకు ఫోన్ చేశాడు. పోతులయ్య నాగలక్ష్మికి తమ్ముడే. అక్క ఇంటి పనంటే అన్నం ముందు నుంచి లేచి వచ్చే మనిషి. వచ్చి అన్ని ప్లగ్గుల్లోనూ కొలిచి చూశాడు.

"బావా, ఈడ కరెంటు బాగానే ఉండాది."

"ఇప్పుడు ఉండాది. ఇరవై నిమిషాలకు పోతాది."

"మరి లైటు పోలేదంటివే."

"లైటుకు చిన్న కరెంటు సాలు పోతులయ్యా."

పన్నెండేళ్లుగా స్తంభాలెక్కుతున్న పోతులయ్య చిన్న కరెంటు, పెద్ద కరెంటు అన్న మాట ఎన్నడూ వినలేదు. కానీ అక్క మొగుణ్ణి ఆయన ఇంట్లోనే నిలబెట్టి కాదనడం మర్యాద కాదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చూసొస్తానని వెళ్లి వీధి మొత్తానికి కరెంటు ఆపాడు.

ఆ వీధిలో ఇరవై మరమగ్గాలున్నాయి. అవన్నీ ఒక్కసారిగా ఆగేసరికి ఆ నిశ్శబ్దానికి అదిరిపడి జనమంతా బయటికి వచ్చారు. ఏమైందని ఒకరినొకరు అడుగుతుంటే తిరుపాల్ అరుగెక్కి, మన వీధికి ఎర్తు సన్నగిల్లింది, స్తంభం పక్కన కొత్త గుంత తవ్వితే అందరి మగ్గాలూ ఇంకా జోరుగా ఆడతాయి అని చెప్పాడు. అతను ఎంత ధీమాగా చెప్పాడంటే, అడ్డం మాట్లాడితే తమకే తెలియదనుకుంటారని ఎవరూ నోరెత్తలేదు. ఎలాగూ చేతిలో పనిలేదు కదా అని హనుమప్ప గడ్డపార తెచ్చాడు. హనుమప్ప ఎదురింటి మగ్గాయన. చేయి పెద్దది, ఓపిక చిన్నది. నాలుగో పోటుకు గడ్డపార ఊళ్లోకి పోయే పెద్ద మంచినీళ్ల పైపులో దిగింది.

నీళ్లు మనిషెత్తు లేచాయి. ఆ వీధికి కొళాయి నీళ్లు రెండు రోజులకొకసారి వస్తాయి. ఆ రోజు వచ్చే రోజు కాదు. రెండు నిమిషాల్లో పక్క వీధుల ఆడవాళ్లు కూడా బిందెలతో వరస కట్టారు. ఎవరు ముందు వచ్చారన్న దానిమీద మాటలు పెరిగాయి. పైపు మూయబోయిన హనుమప్పను తమ బిందెలు నిండేదాకా ఆగమని నలుగురు చేయి పట్టుకున్నారు. నీళ్లు స్తంభం చుట్టూ మోకాళ్ల లోతు నిలిచాయి.

"పోతులయ్యా, ఇంక కరెంటు ఇడువు," అన్నాడు తిరుపాల్.

"ఈ నీళ్లల్లోనా బావా? అవి ఇంకేదాకా నేను ముట్టుకోను."

అప్పుడే మళ్లీ ఫోన్ మోగింది. "పెనుకొండలో భోజనాలైనాయి తిరుపాలూ. బయలుదేరినాము. ఇంక ఎంతసేపుండాది పని?"

"రంగులు ఏస్తాండా అన్నా," అన్నాడు తిరుపాల్. గొంతు నిబ్బరంగానే వచ్చింది. కానీ నాలుగు రోజుల్లో మొట్టమొదటిసారి అతనికి భయం వేసింది. కుళ్లాయప్ప పని పోతే ధర్మవరంలో తన చేత అంచులు గీయించుకునేవారు ఇంకెవరున్నారని వేళ్లు మడిచి చూసుకున్నాడు. రెండో వేలు మడవలేదు.

మూడు గంటలకు ఎవరో సైకిల్ ట్యూబు తెచ్చి పైపుకు బిగించి కట్టారు. నీళ్లు ఇంకుతుండగానే వీధి చివర కారు ఆగింది. బిందెలు అడ్డం ఉండి ముందుకు రాలేకపోయింది. కుళ్లాయప్ప పంచె ఎగగట్టి, ఆయన వెనక సుధారాణి కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, బురదలో అడుగులు వెతుక్కుంటూ వచ్చారు. సరిగ్గా అప్పుడే బాలనాగమ్మ వాకిట్లోకి వచ్చింది.

"పోతులయ్యా, కరెంటు ఎప్పుడిస్తావు నాయనా? నా దోసెపిండి పొంగలేదు."

పోతులయ్య వెనక్కి తిరిగాడు. "దోసెపిండికి కరెంటు ఎందుకత్తా?"

"కంప్యూటరు ఆడితేనే గదా దాని ఎనకనుంచి ఎచ్చని గాలి వచ్చేది. ఈ చలికి పిండి యాడ పెట్టినా కదలడంలేదు. నాలుగు దినాల నుంచి గిన్నె ఆడ్నే ఆనిచ్చి పెడతాండా. గాలి బయటికి పోకుండా మీద కంబళి గూడా కప్పినా."

పోతులయ్య ముందు, తిరుపాల్ వెనక, వారి వెనక కుళ్లాయప్ప లోపలికి వెళ్లి బల్ల కిందికి వంగారు. పెట్టె వెనక గాలి వచ్చే చోటికి ఆనుకుని దోసెపిండి గిన్నె. గిన్నెనూ పెట్టెనూ కలిపి తలనుంచి కాళ్లదాకా కప్పిన గొర్రెబొచ్చు కంబళి. నాలుగు రోజులుగా ఆ వేడికి లోపల ఊపిరాడక పెట్టె తనంతట తానే ఆగుతూ వచ్చిందని పోతులయ్య రెండు మాటల్లో చెప్పాడు. నవ్వు ఆపుకోవడానికి కంబళి మడతపెట్టే నెపంతో మొహం దాచుకున్నాడు.

తిరుపాల్ నిటారుగా నిలబడ్డాడు. "పెట్టెలో తప్పు లేదని నేను పొద్దున్నే చెప్పినానా లేదా? బయటే ఉండాదంటి గదా."

బయట నీళ్లు ఇంకిపోయాయి. పోతులయ్య వెళ్లి కరెంటు ఇచ్చాడు. మగ్గాలు మోగాయి. సుధారాణి కుర్చీలో కూర్చుంది. తిరుపాల్ దాచుకున్న ఒకే ఒక్క బొమ్మను తెరిచాడు. తెర నిండా రెండు సన్నటి గీతలు, వాటి మధ్య దూరదూరంగా చిన్న చుక్కలు.

కుళ్లాయప్ప ముఖం ముడుచుకుపోయింది. "ఏమప్పా, నాలుగు దినాలూ దీనికేనా?"

"అది కాదన్నా, అది ఇంకా..." అని తిరుపాల్ మొదలుపెట్టబోయాడు. నాగలక్ష్మి వెనకనుంచి అతని చొక్కా పట్టుకుని లాగింది.

సుధారాణి తెరకు దగ్గరగా జరిగింది. చాలాసేపు చూసింది. "మీరుండన్నా," అంది కుళ్లాయప్పతో. "మా ఇంట్లో నెమలి లేని పట్టుచీర ఒగటి లేదు. ఏ పెండ్లిలో చూసినా అంచే కనపడతాది, కట్టుకున్నోళ్లు కనపడరు. ఇది కడితే మనిషి కనపడతాది." తర్వాత తిరుపాల్ వైపు తిరిగింది. "నీకు ఎట్ల తోచిందప్పా ఇది?"

తిరుపాల్‌కు పోయిన ధైర్యమంతా ఒక్క గుక్కలో తిరిగి వచ్చింది. "ఒగొగటే తీసేస్తా వచ్చినానమ్మా. మొదట ఏనుగులు తీసేసినా. మళ్లా గోపురాలు. ఆఖరికి మనసు రాయి చేసుకుని నెమళ్లు గూడా."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. నలభై చీరలకూ అదే అంచు ఖాయమైంది. పని నిలబడినందుకు తిరుపాల్ గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు. మరుక్షణమే, ఎవరూ చూడకుండా పోయిన తన నెమళ్లు గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ల పనిలో తనను మెచ్చుకున్నది తను గీయనిదానికి కావడం అతనికి ఎక్కడో గుచ్చుకుంది.

అందుకే కుళ్లాయప్ప తర్వాతి పని ఇచ్చినప్పుడు గట్టిగా అనుకున్నాడు, తన చేయి ఏమిటో ఈసారి చూపిద్దామని. బాలనాగమ్మ పిండి గిన్నెను పొయ్యి పక్కకు మార్చుకుంది. కంప్యూటరు పొద్దున్నుంచి సాయంత్రందాకా ఒక్కసారీ ఆగకుండా పనిచేసింది. తొమ్మిది రోజులు కూర్చుని ఏనుగులు, గోపురాలు, నెమళ్లు, పిందెలు, మిగిలిన సందుల్లో చిలకలు, చిలకల నోళ్లలో జామపండ్లు గీశాడు. కుళ్లాయప్ప కళ్లద్దాలు పెట్టుకుని అంచును ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశాడు. తర్వాత కళ్లద్దాలు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీ ఇంట్లో కరెంటు బాగయినట్టుండాదప్పా. మళ్లా పోయినప్పుడు చెప్పు, వస్తా."