ఎవరు కోరిన గడ్డి వారికి

ఆ రోజు ఉదయం అలాగేసారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి, అందరికంటే ముందు గోల్ఫు క్లబ్బుకు వెళ్లాలి, సాయంత్రం దాకా ఎవరిచేతా ఒక్క మాట పడకుండా ముందుగదిలో తన కుర్చీలో కూర్చోవాలి. అంతే. ఇంత చిన్న పథకాన్ని కూడా పాడుచేసుకోగల మనిషి ఉంటాడా అంటే, ఉంటాడు. అతని భార్యకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే గుమ్మం దాకా వెంట వచ్చింది.

"ఏమండీ, ఇవాళ ఒక్కరోజుకి నోరు అదుపులో పెట్టుకోండి. అడిగినవాళ్లందరికీ తలూపకండి."

"అలాగే."

"చూశారా, మళ్లీ అదే మాట."

అతని అసలు పేరు క్లబ్బులో ఎవరికీ గుర్తులేదు. ఎవరేమడిగినా "అలాగే సార్" అంటాడు కనక అలాగేసారు అయ్యాడు. ఫోన్లు ఎత్తడం, ఆటకు వేళలు ఇవ్వడం, ఆ రోజు మైదానం ఎలా ఉందో సభ్యులకు చెప్పడం అతని పని. తంటా అంతా ఆ చివరి పనితోనే. మైదానం ఎలా ఉందో అతను చెప్పడు. అడిగినవాళ్లకు ఎలా ఉంటే బాగుంటుందో అలా ఉందని చెబుతాడు. అబద్ధమాడాలని కాదు. ఫోన్లో అవతలి మనిషి నీరసంగా "ఓహో, అలాగా" అన్నాడంటే ఇతను తట్టుకోలేడు. అదొక జబ్బు.

ఆ జబ్బు పుణ్యమా అని ఉద్యోగం ఇంకా టెంపరరీగానే వేలాడుతోంది. ముందురోజే సెక్రటరీ మేడమ్ గదిలోకి పిలిచి తేల్చి చెప్పింది. "రేపు సాయంత్రం కమిటీ కూర్చుంటుంది. రేపంతా మైదానం గురించి గాని, మీ గురించి గాని ఒక్క ఫిర్యాదు రాకపోతే మీ ఉద్యోగం పర్మనెంట్. వచ్చిందా, ఆ కుర్చీలో ఇంకొకరు." ఈ మాట ఇంట్లో చెప్పడమే ఆలస్యం, భార్య సగం మంది చుట్టాలకు పర్మనెంట్ అయిపోయిందనే చెప్పేసింది. ఇక అతను ఏ మొహం పెట్టుకుని ఓడిపోతాడు?

క్లబ్బు తలుపు తీసేసరికే ఫోన్ మోగుతోంది. అవతల బావ. అంటే భార్యకు అన్న, మైదానంలో ప్రతి గడ్డిపోచకూ కాపలాదారు.

"బావా, రాత్రి వాన దంచేసింది. తొమ్మిదో గ్రీన్ చెరువైపోయింది. మిగతావన్నీ బురద. మధ్యాహ్నం దాకా ఎవర్నీ రానివ్వకు."

"అలాగే బావా."

బావ ఫోన్ పెట్టేశాడు. అతనికి మాటలంటే పెద్దగా గిట్టదు.

మైదానంలో పద్దెనిమిది గుంతలున్నాయి. ఒక్కో గుంత చుట్టూ దగ్గరగా కత్తిరించిన గడ్డిని అక్కడ గ్రీన్ అంటారు. బంతి చివరికి దొర్లవలసింది దాని మీదే. తడిగా ఉంటే పడ్డచోటే ఆగిపోతుంది, ఎండి ఉంటే పరిగెడుతుంది. సభ్యుల సంతోషంలో సగం, ఏడుపులో ముప్పాతిక ఆ గడ్డితోనే ముడిపడి ఉంటాయి.

మళ్లీ ఫోన్. డాక్టరుగారు. "గ్రీన్లు ఎలా ఉన్నాయోయ్? నాకు బంతి పడ్డచోట ఆగాలి. గట్టిగా ఉంటే చెప్పెయ్, హాయిగా ఇంట్లో పడుకుంటాను."

రావద్దని చెప్పడానికే అలాగేసారు నోరు తెరిచాడు. "వెన్నలా ఉన్నాయి సార్, వచ్చేయండి" అని వినిపించింది. తీరా చూస్తే అది అతని గొంతే.

ఫోన్ పెట్టాడో లేదో కాంట్రాక్టరుగారు. "రాత్రి వాన పడిందిగా. గ్రీన్లు తడిసి ఉంటే నేను రాను. నాకు బంతి పరిగెత్తాలి."

అవతల ఆ నీరసపు "ఓహో" తయారవుతున్నట్టు అనిపించి అలాగేసారు గబగబా అందుకున్నాడు. "మా దగ్గర చినుకు కూడా పడలేదు సార్. వానంతా మీ ఇంటి వైపే పడిపోయింది. ఇక్కడ గచ్చులా ఉంది."

మూడోసారి రిటైరైన జడ్జిగారు. ఆయనకు తడి, పొడి పట్టింపు లేదు. "జనం ఉన్నారా? నేను బంతి కొట్టేటప్పుడు ఎవరూ చూడకూడదు."

"నరమానవుడు లేడు సార్." ఆ క్షణానికి అది నిజమే.

ఫోన్ పెట్టాక అతనికి కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. లేచాడు, కిటికీలోంచి చూశాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. చొక్కా అప్పుడే వీపుకి అంటుకుపోయింది. ఒకే మైదానం, ముగ్గురు మనుషులు. ఒకాయనకు వాన, ఇంకొకాయనకు ఎండ, మూడో ఆయనకు ఆ ఇద్దరూ కనబడకూడదు. అతను ఫోన్ పక్కన పడేసి, పనిముట్ల కొట్టం వైపు పరిగెత్తాడు.

"బావా, చిన్న సాయం. ముందు తొమ్మిది గ్రీన్లు తడిగానే ఉండనివ్వు. వెనక తొమ్మిది ఎండబెట్టు."

"ఎండబెట్టడానికి అదేమైనా తువ్వాలా?"

"డాక్టరుగారు ముందువైపు ఆడతారు, కాంట్రాక్టరుగారు వెనకవైపు. ఒకరి గడ్డి ఒకరికి తెలీదు."

"ఎవర్నీ రానివ్వకు అన్నాను కదా."

"అలాగే అన్నాను కదా బావా."

బావ చేతిలోని పార కింద పెట్టాడు. "మా చెల్లెలి మొహం చూసి ఊరుకుంటున్నాను" అని, మనుషుల్ని వెంటబెట్టుకుని వెనక గ్రీన్ల వైపు నడిచాడు. వాళ్లు పొడుగు కర్రలకు కట్టిన రబ్బరు పట్టీలతో నీళ్లు తోసేశారు. తోసిన నీళ్లు పల్లం చూసుకుని తిన్నగా వెళ్లి తొమ్మిదో గ్రీన్‌లో చేరాయి.

ముగ్గురూ వచ్చారు. డాక్టరుగారిని మొదటి గుంతకు, కాంట్రాక్టరుగారిని పదో గుంతకు సాగనంపి, జడ్జిగారిని ఆరో గుంత దగ్గర వదిలిపెట్టాడు. ఆయన ఏకాంతానికి భంగం రాకుండా దారికి అడ్డంగా "మరమ్మతు జరుగుతోంది, ఇటు రావద్దు" అన్న బోర్డు కూడా పాతాడు. ఆ బోర్డు పాతుతున్నప్పుడు తనంత తెలివైనవాడు లేడనిపించింది. ఆ తృప్తి ముందుగదికి తిరిగొచ్చేదాకా ఉంది.

"ఏమయ్యా, వెన్న అన్నావు, ఇదేం వెన్న?" ఫోన్లో డాక్టరుగారు. "ఎండెక్కింది, గ్రీన్ గట్టిపడిపోతోంది. బంతి జారిపోతోంది."

"ఒక్క నిమిషం సార్. మెత్తబడిపోతుంది."

బావను అడిగితే తిడతాడు. అందుకని తనే కొట్టంలోకి దూరి, గడ్డికి నీళ్లు వదిలే గొట్టాల కోసం గోడకున్న పెద్ద చక్రం పట్టుకుని తిప్పాడు. అది ముందువైపు గొట్టాలదనుకున్నాడు. అది మొత్తం మైదానానిది. పచ్చికలో ఎక్కడెక్కడో దాగి ఉన్న గొట్టాలన్నీ ఒక్కసారి తలలెత్తి నీళ్లు చిమ్మడం మొదలుపెట్టాయి. కంగారుగా వెనక్కి తిప్పబోతే చక్రం కదలలేదు. రెండు చేతులతో లాగాడు, కాలు గోడకు తన్నిపెట్టి లాగాడు. చొక్కా చంకలో చిరిగింది గాని చక్రం మాత్రం అలాగే ఉంది.

ఇక మైదానంలో సంగతి. గచ్చులాంటి గ్రీన్ మీద కాంట్రాక్టరుగారు బంతి ముందు వంగి, గురి చూస్తున్నవారు కాస్తా నిలువునా తడిసి, కర్ర వదిలేసి పరుగందుకున్నారు. డాక్టరుగారు బోర్డు చూసి పక్కదారి పట్టారు. ఎవరూ చూడని చోట జడ్జిగారు నాలుగువైపుల నుంచీ తడిశారు. ఎటు పరిగెత్తినా గొట్టాలే. క్లబ్బు వైపు దారి తొమ్మిదో గ్రీన్ మీదుగా ఒక్కటే. ముగ్గురూ అక్కడ, మడమలు మునిగే నీళ్లలో కలుసుకున్నారు. తువ్వాళ్లు గుండెలకు హత్తుకుని అలాగేసారు కూడా చేరుకున్నాడు.

"మెత్తగా ఉందన్నాడు నాకు" అన్నారు డాక్టరుగారు.

"నాకు చినుకు పడలేదన్నాడు."

"నాకు నరమానవుడు లేడన్నాడు" అన్నారు జడ్జిగారు.

ముగ్గురూ అతని వైపు తిరిగారు. అలాగేసారు తువ్వాళ్లను ఇంకా గట్టిగా హత్తుకున్నాడు. అయిపోయింది, ఉద్యోగం పోయింది, చుట్టాలందరికీ భార్య ఏం చెప్పుకుంటుంది అన్న ఒక్క దిగులే బుర్రలో గిర్రున తిరిగింది.

కానీ జడ్జిగారికి ఇద్దరు మనుషులు గొంతు పెంచితే పాత అలవాటు ఆగదు. "ఒక్కొక్కరే చెప్పండి" అన్నారు, గడ్డం మీంచి నీళ్లు తుడుచుకుంటూ. "డాక్టరుగారూ, మీరు మెత్తగా కావాలని అడిగారు. ఇది మెత్తగా ఉందా లేదా?"

"బూటు దిగబడిపోయిందండీ."

"ఉందన్నమాట."

"అదీ సంగతి" అన్నారు కాంట్రాక్టరుగారు. "ఈయన మెత్తగా కావాలన్నాడు కాబట్టే నీళ్లు వదిలారు. నా ఆట తగలబెట్టింది ఈయన."

"మీ ఆట తగలబెట్టడానికి నేనెందుకు? మీరు చాలరా?" అన్నారు డాక్టరుగారు.

అక్కడితో అలాగేసారును అందరూ మర్చిపోయారు. ఆ ఇద్దరూ ఎప్పుడెప్పుడు ఎవరెవరి ఆట ఎలా పాడైందో తవ్వుకున్నారు. జడ్జిగారు ఇరుపక్షాలూ విని, వచ్చే ఆదివారం ఇద్దరూ పోటీపడి తేల్చుకోవాలనీ, గడ్డి ఎలా ఉండాలో అప్పుడు తాను చెబుతాననీ తీర్పిచ్చారు. జనమంటే గిట్టని మనిషి, ఆ ఇద్దరి భుజాల మీదా చేతులు వేసుకుని టీ తాగడానికి వెళ్లిపోయారు. పైగా తువ్వాలు తీసుకుంటూ "థాంక్స్" కూడా అన్నారు.

అలాగేసారుకు సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. ఈలోగా బావ చక్రం కట్టేసి వచ్చాడు.

"ఒక్క ఫిర్యాదు లేదు బావా."

"ఉండకపోవచ్చు. నా మనుషులకి మాత్రం ఇంక ఒంట్లో ఓపిక లేదు. మళ్లీ ఎవరైనా ఫోన్ చేస్తే ఉన్నదున్నట్టు చెప్పి ఆపెయ్."

"అలాగే బావా."

ముందుగదిలోకి రాగానే ఫోన్ మోగింది. ఎవరో పెద్దావిడ. "బాబూ, మా ఇంట్లోవాళ్లు నలుగురు ఆడుకోవడానికి వద్దామనుకుంటున్నారు. మీ మైదానం ఎలా ఉంది?"

వెన్న అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అడుగు కదిపితే బూట్లలో నీళ్లు చప్పుడు చేశాయి. నలుగురికి నాలుగు రకాల గడ్డి ఎక్కణ్ణించి తేవాలి? జీవితంలో మొదటిసారి అతను "అలాగే" అనలేదు.

"అమ్మా, రావద్దు. మైదానం ఏం బాలేదు. తొమ్మిదో గ్రీన్ చెరువులా ఉంది. వెనక గ్రీన్లు బురద, మధ్య దారికి అడ్డంగా ఒక దొంగ బోర్డు. పొద్దున ఒక డాక్టరుగారు దిగబడ్డారు, జడ్జిగారు తడిసి ముద్దయ్యారు. ఇంకోమాట చెబుతా వినండి. ఇక్కడ ఫోన్ ఎత్తే మనిషి మాట అసలు నమ్మొద్దు. ఎవరికి ఏది ఇష్టమైతే అది చెప్పేస్తాడు."

"అయ్యో, ఎవరు బాబూ ఆ మనిషి?"

"నేనేనమ్మా."

ఫోన్ పెట్టేశాక గుండె తేలికపడింది. నిజం చెప్పడం ఇంత సుఖంగా ఉంటుందా అని ఆశ్చర్యపోయాడు. ఆ సుఖంలో ఉండగానే ఎదురుగదిలోని సెక్రటరీ మేడమ్ తలుపు తెరుచుకుంది. లోపల సోఫాలో ఒక పెద్దావిడ, ఒళ్లో ఫోన్ పెట్టుకుని ఇతని వైపు జాలిగా చూస్తోంది.

"మా అమ్మ" అంది మేడమ్. "ఫోన్లో మీరెలా మాట్లాడతారో చూద్దామని నేనే చేయమన్నాను. పొద్దుటి నుంచి ఒక్క ఫిర్యాదు లేదు. ఎంత మెచ్చుకుందామనుకున్నానో. ఇప్పుడొకటి వచ్చింది."

"ఎవరు చేశారు మేడమ్?"

"మీరే. మైదానం గురించి ఇంత వివరంగా, మీ గురించి ఇంత నిర్దాక్షిణ్యంగా ఇప్పటిదాకా ఏ సభ్యుడూ చెయ్యలేదు."

సాయంత్రం కమిటీ చాలాసేపు కూర్చుంది. అన్న మాట ప్రకారం ఆ కుర్చీలో ఇంకొకరిని వేశారు. మైదానంలో తడి ఎక్కడుందో, పొడి ఎక్కడుందో అంత వివరంగా చెప్పగలిగిన మనిషిని వదులుకోవడం ఎందుకని అలాగేసారును పర్మనెంట్ కూడా చేశారు, గొట్టాల దగ్గర. కుర్చీలో వేసింది, ఉన్నదున్నట్టు చెప్పే బావను. "పర్మనెంటేగా, ఎక్కడని ఎవరడుగుతారు" అని భార్య మిగతా సగం మంది చుట్టాలకు కూడా ఫోన్లు చేసింది.

మర్నాడు పొద్దున నుంచీ బావ ఎత్తిన ప్రతి ఫోన్‌కీ ఒకటే జవాబు. "గడ్డి బాలేదు, రావద్దు." అనడం, పెట్టేయడం. సభ్యులు ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. మనల్ని రావద్దని చెప్పి ఎవరో పెద్దవాళ్ల కోసం మైదానం దాచిపెడుతున్నారని తేల్చుకుని, ఎండెక్కకముందే కర్రలతో సహా గేటు ముందు వరుస కట్టారు.

క్లబ్బు పెట్టిన దగ్గర్నుంచి ఇంత గిరాకీ చూడలేదని మేడమ్ బావను మెచ్చుకుంది.