ప్లెయిన్స్‌బరోలో పెనా స్వామి

ఆ శనివారానికి అమర్‌నాథ్ వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. భార్య నీహారిక పొద్దున్నే ఫార్మసీలో డ్యూటీకి వెళ్తుంది, భోజనాల వేళకి తిరిగొస్తుంది. ఈలోగా అతను తాముంటున్న ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్ పక్కన తన పేరున బుక్ చేసుకున్న పచ్చికలో ఒక రాజభవనం నిలబెడతాడు. న్యూఆర్క్ దాకా వెళ్లి పోర్చుగీసు బేకరీలో జున్ను టార్టులు తెస్తాడు. ఆమె కారు దిగి, చూసి, ఆశ్చర్యపోతుంది. పెళ్లయి పదేళ్లు నిండిన రోజున అతను అంతకుమించి ఏమీ కోరుకోలేదు.

పెళ్లయిన కొత్తలో, 2004లో, టికెట్లు చవగ్గా దొరికాయని ఇద్దరూ పోర్చుగల్ వెళ్లారు. లిస్బన్‌లో రైలెక్కి సింత్రా అనే పాత ఊళ్లో దిగారు. పూర్వం రాజులు వేసవికి వచ్చి ఉండే చోటు. కొండ నిండా భవనాలూ తోటలే. ఊరి నడుమ ఉన్న భవనానికి, బోర్లించిన గరాటుల్లాగా రెండు తెల్లటి పొగగొట్టాలు. అవి వంటింటివని తెలిసి నీహారిక, "ఇక్కడ పప్పుకి పోపు పెడితే ఊరంతా తుమ్ముతుంది," అంది. అంత చిన్న మాటకి ఇద్దరూ రోడ్డు మధ్య నిలబడి చాలాసేపు నవ్వారు. ఆ వయసులో అలాగే ఉంటుంది.

తర్వాత బస్సెక్కి కొండ మీదున్న పెనా ప్యాలెస్ చూడబోయారు. పసుపూ ఎరుపూ రంగుల్లో మెరిసిపోతుందని గైడు పుస్తకంలో ఉంది. తీరా పైకి వెళితే దట్టంగా పొగమంచు. నాచు పట్టిన బండలూ, తమ కాళ్లకున్న తడి సాక్సులూ తప్ప ఏమీ కనిపించలేదు. అతను ఏదైనా తినడానికి తెస్తానని కిందికి పోయి, దాల్చినచెక్క వాసనొచ్చే టార్టుల పొట్లంతో తిరిగొచ్చాడు. రాతి బెంచీ మీద ఒకే శాలువా కప్పుకుని తిన్నారు. నీహారిక మంచు వైపు చూస్తూ, "అబ్బ, చూడాల్సింది అమర్," అంది. ఆ నిట్టూర్పు పదేళ్లుగా అతని చెవిలోనే ఉండిపోయింది.

మళ్లీ తీసుకెళ్దామంటే, తిరిగి రావడానికి కావలసిన వీసా స్టాంపింగ్ భయం. గ్రీన్ కార్డు ఏళ్ల తరబడి కదలడం లేదు. ఇప్పుడు దేశం దాటితే రిస్కేనని లాయర్ చెప్పాడు. అందుకని అమర్‌నాథ్ ఫ్రిజ్‌లు వచ్చిన అట్టపెట్టెలు పోగుచేసి, పక్క బిల్డింగ్‌లో ఉండే ఆఫీసు స్నేహితుడు రఘువీర్ ఇంట్లో పెట్టుకుని, రహస్యంగా రంగులు వేశాడు. పసుపు గుమ్మటం, ఎర్ర బురుజు, మధ్యలో ద్వారం. అసలు ప్యాలెస్‌లో ద్వారం పైన ఒక రాతి బొమ్మ ఉంటుంది. నడుము దాకా గడ్డం మనిషి, అక్కడినుంచి చేప. దాని ఫొటోని పెద్దగా ప్రింట్ తీయించి అంటించాడు.

అన్నీ నిలబెట్టాక రఘువీర్ వెనక్కి జరిగి చూశాడు. "అన్నా, ఏమనుకోకు. ప్యాలెస్ లెక్క లేదిది. పెండ్లి పందిరి లెక్కుంది."

"దీని పేరు పెనా. నేను న్యూఆర్క్ వెళ్లొచ్చేదాకా గాలికి పడిపోకుండా చూడు. ఎవరడిగినా ఏమీ చెప్పకు, సర్‌ప్రైజ్."

"చెప్ప. నువ్వు పోయి రా."

అతని కారు మలుపు తిరిగిందో లేదో, వాకింగ్‌కి బయల్దేరిన సీతారామయ్య, సీతమ్మ దంపతులు పచ్చిక దగ్గర ఆగారు. నెల్లూరు వాళ్లు, కూతురి దగ్గర ఆరు నెలలుండి పోదామని వచ్చారు. సీతమ్మ పసుపు గుమ్మటాన్ని చూసింది. ఎర్ర బురుజుని చూసింది. ద్వారం పైన చేప మనిషిని చూసి, అక్కడికక్కడే స్నీకర్లు విప్పింది.

"ఏమండీ, మత్స్యావతారం," అంది.

సీతారామయ్య కళ్లజోడు సర్దుకుని చేతులు జోడించాడు. "ఏ స్వామబ్బయా?" అని రఘువీర్‌ని అడిగాడు.

రఘువీర్ ఇరుకున పడ్డాడు. స్నేహితుడు చెప్పొద్దన్నాడు, పెద్దాయనేమో దండం పెట్టి నిలబడ్డాడు. "పెనా అంట అంకుల్. నాకు గంతే తెలుసు."

"పెన్నా?" అన్నాడు సీతారామయ్య. "మా పెన్నా?"

ఆయన ఈత నేర్చుకున్నది పెన్నలో. ఎండాకాలం ఆ ఇసుకలో కాసిన పుచ్చకాయలు పగలగొట్టుకు తిన్నాడు. ఇక్కడికొచ్చాక రోజూ పార్కింగ్ లాట్ చుట్టూ తిరగడమే తప్ప, తనదనిపించేది ఒక్కటీ కళ్లబడలేదు. "పెన్న ఒడ్డు స్వామి ఇంత దూరం వచ్చినాడే," అంటూ కండువా లేని భుజం తడుముకుని, చొక్కా చేతితోనే కళ్లు తుడుచుకున్నాడు. అది చూశాక కాదనడానికి రఘువీర్‌కి నోరు రాలేదు.

సీతమ్మ ఫోన్ తీసింది. కాసేపట్లో మూడో అంతస్తులో ఉండే శేషమ్మ కొబ్బరికాయతో దిగింది. ఇంకెవరో పట్టుచీర తెచ్చి బురుజుకి చుట్టారు. ఒకావిడ పులిహోర కలుపుతున్నానని కబురు చేసింది. తెలుగు సంఘం కార్యదర్శి దామోదర్ విషయం తెలుసుకుని సభ్యులందరికీ ఈమెయిల్ కొట్టాడు: "పెన్నా మత్స్యనారాయణ స్వామి ప్రతిష్ఠ. భోజన సదుపాయం కలదు." రెండో వాక్యం చూసి దూరానున్న ఎడిసన్ ఊరి నుంచి కూడా కార్లు బయల్దేరాయి.

అమర్‌నాథ్ తిరిగొచ్చేసరికి కారు పెట్టడానికి చోటు లేదు. గడ్డి మీద చెప్పులు, గాలిలో కర్పూరం వాసన. రఘువీర్ ఎదురు పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, జర నా మీద కోపం చేయకు."

"ఎవర్రా వీళ్లంతా?"

"భక్తులు."

అప్పటికే లీజింగ్ ఆఫీసు మేనేజరమ్మ వచ్చి, నిప్పు వెలిగించడానికి పర్మిషన్ ఎవరిచ్చారని అడుగుతోంది. ఈ స్థలం ఎవరి పేరున బుక్ అయిందని అడగగానే రఘువీర్ అమర్‌నాథ్ వైపు చూపించాడు, అందరూ భక్తిగా అటు తిరిగారు. దామోదర్ ముందుకొచ్చి, "ధర్మకర్త గారు," అంటూ శాలువా కప్పాడు. చేతిలోని టార్టుల డబ్బాలు ఎవరో అందుకుని, స్వామి ముందు పెట్టి, తులసి దళాలు వేశారు.

"అది దేవుడు కాదండీ," అన్నాడు అమర్‌నాథ్.

"నిజమే నాయనా, బొమ్మ దేవుడెట్లా అవుతుంది? మన భావనే దేవుడు," అంది శేషమ్మ మెచ్చుకోలుగా.

అతను మేనేజరమ్మకి సంజాయిషీ చెప్పుకుంటుండగానే హారతి అయిపోయింది. డబ్బాలు తెరిచారు. సీతమ్మ టార్టు కళ్లకద్దుకుని నోటి దాకా తీసుకెళ్లింది. అమర్‌నాథ్ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"తినకండి, అందులో గుడ్డుంది," అని అరిచాడు.

సీతమ్మ చెయ్యి నోటి ముందే ఆగిపోయింది. "స్వామికి గుడ్డు నైవేద్యమా?" అని ఎవరో గొణిగారు. ఇక దాచి లాభం లేదనుకుని అతను సింత్రా గురించీ, పొగమంచు గురించీ, నీహారిక నిట్టూర్పు గురించీ అందరి ముందూ తలొంచుకుని చెప్పేశాడు.

అంతా విని సీతారామయ్య మెల్లగా అడిగాడు. "అయితే మా పెన్న కాదా?"

"కాదండీ. పోర్చుగల్."

పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. జనం కోప్పడితే పడేవాడే గానీ, ఆ మొహం చూడటం మాత్రం అమర్‌నాథ్ వల్ల కాలేదు.

సరిగ్గా అప్పుడే నీహారిక వచ్చింది. ఫార్మసీ కోటుతోనే జనాన్ని దాటుకుని ద్వారం దాకా నడిచింది. పట్టుచీరని కాస్త పక్కకి తప్పించి చూసింది.

"పెనా," అంది. "బావుంది. కాకపోతే ఎరుపు ఇంత ముదురుగా ఉండదు. గుమ్మటం ఇంకాస్త లావు."

"నీకెలా తెలుసు? ఇంటర్నెట్‌లో చూశావా?"

"అక్కడే చూశాను. నువ్వు టార్టుల కోసం కిందికెళ్లినప్పుడు మంచు విడిపోయింది. ఒక్క నిమిషం, మొత్తం కనిపించింది. నువ్వొచ్చేలోపు మళ్లీ మూసుకుపోయింది."

"మరి చూడాల్సింది అన్నావు?"

"నువ్వు చూడాల్సింది అన్నాను. నేను చూసేశాగా."

"పదేళ్లు చెప్పలేదే?"

"నిలువునా తడిసి, టార్టులు మాత్రం చొక్కాలో దాచుకుని పరిగెత్తుకొచ్చావు. చూసేశానని ఏ మొహంతో చెప్పను?" ఆమె సీతమ్మ చేతిలో మిగిలిపోయిన టార్టు తీసుకుని, సగం తుంచి అతనికిచ్చింది.

సీతారామయ్య గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, ఆ ఊళ్లో ఏరేమన్నా ఉందా?"

"ఏరు గుర్తులేదు అంకుల్. కొండ మీంచి సముద్రం కనిపిస్తుందట."

"మా పెన్నా సముద్రానికే పోతుంది," అన్నాడాయన, లెక్క సరిపోయినట్టు. లేచి పులిహోర పెట్టించుకున్నాడు. దాంతో మిగతావాళ్లూ విస్తరాకుల్లాంటి కాగితపు పళ్లేలు అందుకున్నారు. గుడ్డు తినేవాళ్లు టార్టుల పని పట్టారు.

తిన్నాక అసలు చిక్కు వచ్చిపడింది. సాయంత్రంలోగా ఇదంతా తీసేయాలని మేనేజరమ్మ చెప్పింది. పూజ అందుకున్నదాన్ని చెత్తలో వేయకూడదని సీతమ్మ చెప్పింది. నిమజ్జనం చేద్దామని దామోదర్ స్విమ్మింగ్ పూల్ వైపు చూడగానే మేనేజరమ్మ వెళ్లి గేటుకి అడ్డంగా నిలబడింది.

"రీసైక్లింగ్‌లో వేద్దాం ఆంటీ," అంది నీహారిక. "మళ్లీ ఇంకో రూపంలో వస్తుంది."

సీతారామయ్య తలూపాడు. "పునర్జన్మ. దోషం లేదు," అని తీర్పిచ్చాడు.

సోమవారం పొద్దున రీసైక్లింగ్ ట్రక్కు వచ్చే వేళకి పెద్దవాళ్లంతా స్నానాలు చేసి వచ్చి నిలబడ్డారు. గుమ్మటం లోపలికి వెళ్తుంటే దండాలు పెట్టారు. శేషమ్మ వేడి పులిహోర పొట్లం డ్రైవర్ చేతిలో పెట్టింది. అతను ఏమిటని అడగలేదు. ఆ రూట్‌కి అతను కొత్తవాడేం కాదు.