మంచుకూ ఎండకూ తలుపులు తెరిచిన మాల్

"మాల్ కూలగొడుతున్నారోయ్! కౌన్సిల్ ఒప్పేసుకుంది!" అంటూ మా ఆయన వెండెల్ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు. పెళ్లయి మూడు వారాలే. ఏ వార్త వచ్చినా మేం ముద్దుతోనే పండగ చేసుకుంటాం. దీనికీ చేసుకున్నాం.

పాఠకులారా, పాత మాల్‌ను పడగొట్టడాన్ని మించిన పుణ్యకార్యం మా ఒహాయోలో ఇంకోటుందా? బార్లో క్రీక్ మాల్‌లో యాభై రెండు షాపులుంటే, తెరిచి ఉన్నవి నాలుగు. ఎస్కలేటర్ కదలడం మానేసి ఆరేళ్లు. ప్లాస్టిక్ మొక్కలు సైతం వాడిపోయాయి! ఇక అక్కడ ఆరుబయట షాపింగ్ వీధులు వస్తాయి. అమ్మకం పన్ను ఊళ్లోకి వరదలా పారుతుంది. రోడ్లకు తారు! స్కూలుకు బస్సులు! ఫైరింజనుకు కొత్త సైరన్!

ఇంత ధీమా ఎక్కడిదంటారా? లెక్క ఉంది! బిల్డర్ పెట్టుకున్న కన్సల్టెంట్ గారు జనవరిలో మాల్ ఫుడ్ కోర్టు పక్కన కుర్చీ వేసుకుని, ముందు నుంచి వెళ్లినవారినల్లా లెక్కపెట్టారు. షాపులు తెరవకముందే మూడు వందల మంది!

ఆ మూడు వందల మందీ వెండెల్ నాయనమ్మ ఒడెస్సా, ఆవిడ స్నేహితులూ. ముప్పై మంది, తలా పది చుట్లు. గుండె ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఆవిడను రోజూ నడవమన్నాడు. బయటేమో మోకాలి లోతు మంచు. మాల్ లోపల వెచ్చగా, నేల చదునుగా ఉంటుంది.

"ఆ టై కట్టుకున్నాయన నన్ను పదిసార్లు లెక్కపెట్టాడే అమ్మాయ్! ప్రతిసారీ కొత్తదాన్ని చూసినట్టే నవ్వాడు," అంది నాయనమ్మ.

"మరి నువ్వు చెప్పలేదా?" అన్నాను.

"డెబ్భై ఎనిమిదేళ్లొచ్చాక ఒక మగాడు పదిసార్లు నవ్వితే వద్దంటానా?"

వెండెల్ మొహం వాడింది. "కొత్తదానికి పైకప్పే లేదట నాయనమ్మా. చలికాలం ఎక్కడ నడుస్తావ్?"

"మీ ఒంటిగది ఫ్లాట్ లేదూ? పొద్దున్నే ఏడింటికి వస్తా. మంచం చుట్టూ పది చుట్లు కొడతా. మీ పాటికి మీరు పడుకోండి!"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.

ప్రగతికి నేను అడ్డం కాదండీ, ఒట్టు! పన్ను కట్టే కాళ్లనే కాకుండా ఉత్తినే నడిచే కాళ్లను కూడా ఊరి కాళ్లుగా చూస్తే బాగుండునని నా చిన్న కోరిక, అంతే. బిల్డర్ సంతకం పెట్టేముందు మరోసారి జనాన్ని లెక్కపెట్టమన్నాడట. కన్సల్టెంట్ గారు రేపే వస్తున్నారు. రేపు ఉదయం ఏడింటికి నాయనమ్మ ముప్పై మందీ మాల్‌కు వస్తారు. వెండెల్ ఫ్లాస్కుల్లో కాఫీ పోస్తాడు, నేను డోనట్లు పంచుతాను. కన్సల్టెంట్ గారు సున్నా రాసుకుని లేచి వెళ్లేదాకా బెంచీల మీంచి ఒక్కరూ కదలరు.