చప్పుడు చెయ్యని డ్రమ్ముల ఎంపిక

ఊరి గ్రంథాలయంలో నిశ్శబ్ద పరిరక్షణ బాధ్యతను పదవీకాలమంతా నిర్విఘ్నంగా నిర్వర్తించి ఇటీవలే విశ్రాంతి పొందిన ఉష్ గారు, తమ శేషజీవితాన్ని డ్రమ్ములు వాయించడానికి అంకితం చేయదలచినట్టు ఒక ఆదివారం ఉదయం భోజనాల బల్ల దగ్గర ప్రకటించారు. ప్రకటన ఎవరికీ వినిపించలేదు.

అందులో ఎవరి తప్పూ లేదు. 'ఉష్' అనడం తప్ప మరో మాటతో పని పడని ఉద్యోగంలో తల నెరిసేసరికి ఆయన గొంతు సన్నబడి సన్నబడి చివరికి పెదాల కదలికగా మాత్రమే మిగిలింది. వీడ్కోలు సభలో కృతజ్ఞతలు చెబుదామని లేచి ఆయన మాట్లాడుతూ ఉండగానే, ఇంకా మొదలుపెట్టలేదేమోనని ప్రోత్సాహంగా ఒకరు, అప్పుడే అయిపోయిందనుకుని సంతోషంగా మరొకరు చప్పట్లు కొట్టేశారు. సభ ముగిసింది.

పూలగుత్తి పట్టుకుని ఇంటికి నడుస్తుంటే, దారిలో వాద్యాల దుకాణం అద్దం వెనక ఒక అమ్మాయి కూర్చుని డ్రమ్ములు వాయిస్తోంది. దెబ్బ దెబ్బకీ అద్దం అదిరింది. ఆ అదురు ఉష్ గారి పక్కటెముకల్లోకి వచ్చి కూర్చుంది. రోడ్డు అవతల పోయేవాళ్ళు కూడా ఆగి, తలలు తిప్పి చూశారు. తను చెయ్యెత్తినప్పుడల్లా జనం తలలు దించుకోవడమే తప్ప తిప్పడం ఆయన ఎన్నడూ చూసి ఎరగరు.

"ఏమిటండీ, పెదాలు కదుపుతున్నారు? మంచినీళ్ళు కావాలా?" అంది భార్య, భోజనాల బల్ల అవతల నుంచి. ఆవిడ లెక్కల టీచరు. తరగతి గది నిండా పిల్లల గోలలో ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చిన మనిషి.

"డ్రమ్ములు."

"గుమ్మాలా? గుమ్మాలకేమొచ్చింది?"

"డ్రమ్ములు. వాయించేవి. నేను."

ఆవిడ చెంచా కింద పెట్టింది. కాసేపు ఆయన మొహంలోకి చూసింది. అక్కడ ఏం కనబడిందో గానీ, నవ్వబోయిందల్లా మానేసింది.

"సరే, తెచ్చుకోండి. సోఫాకీ బీరువాకీ మధ్య పట్టాలి. చప్పుడు మాత్రం బయటికి రాకూడదు. నా చెవులు బళ్ళోనే అరిగిపోయాయి."

ఆ విధంగా కావలసినదేమిటో పది నిమిషాల్లో తేలిపోయింది. చిన్నగా ఉండాలి, ఏమీ రానివాళ్ళు వాయించేది కావాలి, చప్పుడు చేయకూడదు. అయితే తనకేం కావాలో ఇంత స్పష్టంగా తెలిసిన మనిషికి వస్తువు అమ్మేసి ఊరుకునేంత బాధ్యతారాహిత్యం ఈ లోకంలో లేదు.

ముందుగా బావమరిది దిగాడు. ఆయన వృత్తిరీత్యా ఇన్సూరెన్సు ఏజెంటు, ప్రవృత్తిరీత్యా ఎంపిక నిపుణుడు. అప్పట్లో ఆయన ఎంపిక చేసిన కెమెరా ఎంత గొప్పదంటే, పాడవుతుందేమోనని ఇంతవరకూ దాంతో ఒక్క ఫోటో తీయలేదు. ఆయన ఎంపిక చేసిన పరుగు మిషను మీద తువ్వాళ్ళు ఆరినంత చక్కగా తాళ్ళ మీద కూడా ఆరవు.

"బావా, తొందరపడకు. నువ్వు ఏ రకం బిగినర్‌వో ముందు తేలాలి," అన్నాడు చెప్పులు విడుస్తూనే.

"ఏమీ రాని రకం."

"మొదట్లో అందరూ అలాగే అనుకుంటారు బావా. లోతుగా చూస్తే ఎక్కడో కొంచెం వచ్చే ఉంటుంది."

లోతుగా చూడటం ఆ పూటే మొదలైంది. బావాబావమరుదులిద్దరూ ఫోను ముందు కూర్చుని వీడియోలు చూశారు. చప్పుడు బయటికి రాని డ్రమ్ములంటే కరెంటువని, తోలు బదులు వాటికి ప్యాడ్లుంటాయని, మోతంతా హెడ్‌ఫోన్లలోనే వినబడుతుందని తెలిసింది. రబ్బరు ప్యాడ్లు కొన్నవాడి మణికట్లు పనికిరాకుండా పోతాయని ఒక నిపుణుడు కన్నీళ్ళ పర్యంతమయ్యాడు. వలలాంటి బట్ట ప్యాడ్లు కొన్నవాడికి ఆత్మగౌరవం మిగలదని ఇంకొక నిపుణుడు తేల్చాడు. రెండూ కొనకండి, రాబోయే సెట్టు కోసం ఆగండి అన్నాడు మూడోవాడు. ఆ వీడియో చాలా పాతది, ఆయన ఇంకా ఆగుతూనే ఉన్నట్టున్నాడు. మరో పెద్దాయన అట్టపెట్టె విప్పడంలోనే వీడియో అంతా గడిపి, లోపలి అట్టముక్క వాసన చూసి, పదికి తొమ్మిది మార్కులు వేశాడు. వీళ్ళలో ఎవరూ డ్రమ్ము వాయించలేదు. వాయిస్తూ కూర్చుంటే వివరించడానికి తీరిక దొరకదు కదా.

వారాలు గడిచాయి. బావమరిదికి డ్రమ్ముల గురించి తెలియనిది లేకుండా పోయింది. ఉష్ గారికి తెలిసింది కూడా పోయింది. ఒక మధ్యాహ్నం భార్య బడి నుంచి వచ్చేసరికి ఆయన సోఫా దిండు ముందు నేల మీద కూర్చుని, రెండు చెక్క గరిటెలతో దాన్ని కొడుతున్నారు. కొట్టిన ప్రతి దెబ్బనూ దిండు మింగేస్తోంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆవిడ చప్పుడు చేయకుండా చెప్పులు మళ్ళీ వేసుకుంది.

"తమ్ముడూ, ఇవాళ షాపుకి వెళ్తున్నాం. నోరు మూసుకుని వస్తే రా, లేకపోతే లేదు," అంది ఫోనులో.

తమ్ముడు వచ్చాడు, ఆ షరతు అంగీకరించకుండానే.

ఆ వాద్యాల దుకాణంలో నల్లచొక్కా సేల్స్‌మన్ ఎంతో మర్యాదగా ఎదురొచ్చాడు. "బిగినర్ కిట్టా సార్? అనుభవం ఎంత?"

"లేదు," అన్నారు ఉష్ గారు.

"లేదంటున్నారు," అని భార్య అనువదించింది.

"అయ్యో! బిగినర్ కిట్టుకి కొంచెమైనా అనుభవం ఉండాలి మేడమ్. లేకపోతే దాని విలువ తెలీదు."

అయినా కస్టమరే దేవుడు కనుక చూపించాడు. మొదటి సెట్టులో వందల చప్పుళ్ళు ఉన్నాయి. వాన, గాజు పగలడం, కుక్క, రైలు, జనం చప్పట్లు. డ్రమ్ము చప్పుడు వేరుగా కొనుక్కోవాలి. రెండోది చాలా కాంపాక్ట్ అన్నాడు, అది మాత్రం గదిలో సగం ఆక్రమించి ఉంది.

"ఇది చిన్నదా?" అంది టీచరు.

"మడిస్తే చిన్నదే మేడమ్. మడిచినప్పుడు వాయించకూడదు, విప్పినప్పుడు ఇంట్లో ఉండకూడదు."

ఈలోగా గిటారు తీగ కోసం వచ్చిన ఒకాయన, వాన పడేలా ఉందని లోపలికొచ్చిన ఇంకొకాయన చేరి తలా ఒక సలహా ఇచ్చారు. బావమరిది ఇక నోరు ఆపుకోలేకపోయాడు. కాలితో తొక్కే పెడల్ ఒత్తిడి గురించి ఆయన ఉపన్యాసం అందుకోగా సేల్స్‌మన్ చేతులు కట్టుకుని విన్నాడు. సందట్లో ఉష్ గారు ఎటు పోయారో ఎవరూ చూడలేదు.

ఆయన అద్దం దగ్గరికి పోయారు. ఆ రోజు వాయించిన అమ్మాయి అక్కడే ఉంది. ఆమె ఉద్యోగమే అది, దారినపోయేవాళ్ళకి వినిపించడం. పక్కన ఒక మూల, ఎవరూ చూపించని చిన్న సెట్టు ఒకటి ఉంది.

"కూర్చోండి అంకుల్," అని ఆమె రెండు కర్రలు చేతిలో పెట్టింది. "ఏం ఆలోచించకండి. కొట్టండి."

కొట్టారు. చిన్న స్పీకరులోంచి 'ధన్' మంది. ఉష్ గారు ఉలిక్కిపడి, అలవాటు కొద్దీ వేలు పెదాల మీదికి తీసుకుపోయారు. తరవాత ఆ వేలు దించి మళ్ళీ కొట్టారు. ఇంకోసారి కొట్టారు. అమ్మాయి నవ్వింది.

"ఇది మీదే అంకుల్. తీసుకుపోండి."

"ఇదేమిటి బావా, పోల్చకుండానే!" అని బావమరిది గుండె పట్టుకున్నాడు. తన పరువు దక్కించుకోవడానికి ఆ సెట్టుకో పెద్ద స్పీకరు తానే ఎంపిక చేసి తన ఖర్చుతో బహూకరించాడు. చప్పుడు చేయకూడని వాద్యానికి పెద్ద స్పీకరు ఎందుకని అక్కగారు అడిగితే, "ఉండాలక్కా, వాడకపోయినా ఉండాలి," అన్నాడు. ఎంపికశాస్త్ర సారమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

సెట్టు సోఫాకీ బీరువాకీ మధ్య సరిగ్గా పట్టింది. ఉష్ గారు రోజూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించసాగారు. ఆయన చెవుల్లో ఉరుములు ఉరిమేవి. ఇంట్లో మాత్రం చీమ చిటుక్కుమన్నా వినబడేది. వారం తిరక్కుండా అపార్టుమెంటు సంఘానికి ఫిర్యాదు అందింది.

కింది ఫ్లాటాయన ఫిర్యాదు ఇది: పైన డ్రమ్ములున్నాయని తెలిసిన దగ్గర్నుంచీ చెవులు పైకప్పుకి అప్పగించి కూర్చుంటున్నాననీ, ఎంతకీ ఏమీ వినిపించడం లేదనీ, ఆ వినిపించకపోవడం భరించలేకుండా ఉన్నాననీ.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. సమావేశ స్థలం కింద కార్లు పెట్టే చోటు, జనరేటరు పక్కన. అధ్యక్షుడు చెవుల డాక్టరు. ఆయన మైకు అందుకున్నారు.

"సభ్యులారా! మన సంఘం శబ్దానికి వ్యతిరేకం కాదు. మూడో అంతస్తులో గోడలు పగలగొడుతున్నారు, ఏనాడైనా ఏమైనా అన్నామా? అది అభివృద్ధి! జనరేటరు మోగుతోంది, అది అవసరం! కార్లు వెనక్కి వస్తూ పాటలు పాడుతున్నాయి, అది భద్రత! కానీ ఒక పెద్దమనిషి తలుపులేసుకుని, ఎవరికీ వినబడకుండా డ్రమ్ములు వాయిస్తున్నారు. దీన్నేమంటారు?"

"సరదా అంటారు," అంది లెక్కల టీచరు, మైకు అవసరం లేకుండా.

"అదీ! సరదా! మన నిబంధనల్లో ఆ మాట ఎక్కడైనా ఉందా?"

లేదు. సభ గంభీరమైంది. చివరకు సంఘం ఉదారంగా ఆలోచించి, ఉష్ గారు నిజంగానే నిశ్శబ్దంగా వాయిస్తున్నదీ లేనిదీ సభ్యులందరూ స్వయంగా విని నిర్ధారించుకునేందుకు ఒక బహిరంగ నిశ్శబ్ద ప్రదర్శన ఏర్పాటు చేసింది.

ప్రదర్శన నాటికి కుర్చీలు చాలలేదు. బావమరిది సెట్టు బిగించి, ఏ లోటూ ఉండకూడదని తన స్పీకరు కూడా తగిలించాడు. ఉష్ గారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు. కర్రలు గట్టిగా పట్టుకున్నారు. ఇంతమంది తనవైపు తలలు తిప్పి చూడటం ఆయనకి జీవితంలో ఇదే మొదలు. అధ్యక్షుడు స్వాగతోపన్యాసం మొదలుపెట్టి, సమయాభావం వల్ల అది కొనసాగిస్తూనే వాయించమని సైగ చేశారు.

ఉష్ గారు కళ్ళు మూసుకుని వాయించారు. భయం మోచేతుల దాకా దిగి కర్రల్లోంచి జారిపోయింది. కాళ్ళు కూడా ఊపందుకున్నాయి. ఆ ఊపులో హెడ్‌ఫోన్ల తీగ కాలికి చుట్టుకుని సెట్టులోంచి ఊడివచ్చేసింది.

స్పీకరు గర్జించింది. సరిగ్గా ఆ క్షణానే కరెంటు పోయి జనరేటరు అందుకుంది. మూడో అంతస్తులో అభివృద్ధి పుంజుకుంది. ఎవరిదో కారు పాడుతూ వెనక్కి వచ్చింది. అధ్యక్షుడి మైకు ఉపన్యాసాన్ని ఈలలుగా మార్చి పంచిపెట్టింది. సభ్యులందరూ చెవులు రిక్కించి, ఊపిరి బిగపట్టి, శ్రద్ధగా విన్నారు. ఏమీ వినిపించలేదు.

విన్న మనిషి ఒక్కతే. తరగతి గదిలో అంత గోలలోనూ చివరి బెంచీ గుసగుస పట్టుకోగల లెక్కల టీచరు. ఉష్ గారు తెల్లబోయి, కర్రలు గాల్లో ఆపేసి, బిక్కమొహంతో ఆవిడ వైపు చూశారు. ఆవిడ కనుబొమ్మలు ఎగరేసింది. తరవాత, సగం చెప్పి ఆగిపోయిన పిల్లాడితో అన్నట్టు, 'ఊఁ, కానియ్యండి' అని చేత్తో చిన్నగా సైగ చేసింది.

ఆయన కానిచ్చారు. ఇన్నేళ్ళుగా పెదాల దగ్గరే ఆగిపోయిందంతా ఆ కాసేపట్లో బయటికి కొట్టేశారు. చెమటతో చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఎంత ప్రశాంతం! ఎంత సంస్కారం!" అని అధ్యక్షుడు గద్గద స్వరంతో అన్నారు. "ఒక్క చప్పుడంటే ఒక్క చప్పుడు లేకుండా డ్రమ్ములు వాయించిన ఈ మహనీయుడు మన భవనానికే గర్వకారణం!"

చప్పట్లు మోగాయి. సదరు డ్రమ్ములు శాశ్వతంగా నిశ్శబ్దమైనవేనని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

అప్పటి నుంచి ఉష్ గారు హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం మానేశారు. సెట్టు బాల్కనీలోకి మారింది, స్పీకరుతో సహా. సాయంత్రాలు ఆయన వాయిస్తుంటే టీచరు పక్కనే కూర్చుని జవాబు పత్రాలు దిద్దుతుంది. ఎర్రపెన్ను బల్ల మీద తాళం వేస్తూ ఉంటుంది. తన చెవులు అరిగిపోయాయన్న మాట మళ్ళీ ఎత్తలేదు. కింది ఫ్లాటులో గిన్నెలు నడుచుకుంటూ వచ్చి అలమర అంచు నుంచి దూకుతాయి. కింది ఫ్లాటాయన వాటిని ఏరి మళ్ళీ అమరుస్తాడు. తీర్మానం మీద ఆయన సంతకం కూడా ఉంది మరి. ఇప్పుడు ప్రశాంతంగా ఉందని, మంచి నిద్ర పడుతోందని కనబడిన వాళ్ళందరికీ చెబుతున్నాడు.

ఈ మధ్య రెండో అంతస్తులోకి కొత్తగా ఒక తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు అద్దెకు దిగాడు. దిగిన సాయంత్రమే లబలబలాడుతూ కిందికి వచ్చాడు.

"ఏంటయ్యా ఆ డ్రమ్ముల మోత?"

"ఏ మోత సార్?" అన్నాడు వాచ్‌మన్.

ఇన్‌స్పెక్టరు అందరినీ అడిగాడు. అందరూ ఆయన వంక జాలిగా చూసి అధ్యక్షుడి దగ్గరికి పంపారు. అధ్యక్షుడు ఆయన్ని కూర్చోబెట్టి, రెండు చెవుల్లోకీ లైటు వేసి చాలాసేపు పరీక్షించారు.

"మీ చెవులు పూర్తి ఆరోగ్యంగా ఉన్నాయి," అన్నారు బాధగా. "అయినా కంగారు పడకండి. తొందరగానే బయటపడింది కాబట్టి నయం చేయొచ్చు. సంఘం సమావేశాలకి మాత్రం తప్పకుండా వస్తూ ఉండండి. ముందు వరసలో కూర్చోండి."

ఇన్‌స్పెక్టరు పథ్యం శ్రద్ధగా పాటించాడు. కొన్ని సమావేశాలు తిరిగేసరికి మంచి గుణం కనిపించింది. మొన్న బాల్కనీ కింద నిలబడి, ఈ భవనంలో ఉన్నంత ప్రశాంతత తాను ఎక్కడా చూడలేదని గట్టిగా అరిచి మరీ చెప్పాడు. వచ్చే ఎన్నికల్లో ఆయన సంఘానికి కార్యదర్శి కాబోతున్నట్టు వినికిడి.