చెన్నకేశవులు గారి పట్టు రాకెట్టు

1958 ఫిబ్రవరి మూడో తేదీ సోమవారం ఉదయం పదకొండు గంటలకు, పెనుకొండలోని ఒకానొక ఆఫీసులో సిబ్బంది ఆరోగ్యం క్షీణించిపోయిందని అధికారికంగా తేలింది. అంతకు ముందు శనివారం సాయంత్రం వరకూ అందరూ బాగానే ఉన్నారు. ఆ ఆఫీసు ఏ శాఖదో చెప్పబోవడం లేదు. చెబితే, తమనెందుకు వదిలేశారని మిగిలిన శాఖలు చిన్నబుచ్చుకుంటాయి.

ఈ సంగతి కనిపెట్టినవారు ఆ ఉదయమే ఛార్జి తీసుకున్న కొత్త ఆఫీసరుగారు. ఆయన వెంట రెండు ట్రంకు పెట్టెలు, మూడు టెన్నిసు రాకెట్లు వచ్చాయి. "ఇక్కడ టెన్నిసు ఆడేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని ఆయన మామూలుగానే అడిగారు. ఉన్నామని పద్దెనిమిది మంది ఒక్క గొంతుతో చెప్పారు. వాళ్ళలో టెన్నిసు బంతిని కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు.

వారం తిరక్కుండానే ఆఫీసు వెనక, పనుల మీద వచ్చే రైతులు బండ్లు విప్పుకునే చోటును చదును చేసి, ఎర్రమట్టి పోసి, సున్నంతో గీతలు గీశారు. బండ్లు ఇకమీదట ఊరి బయటే విప్పుకోవాలని, ఇది రైతుల నడక అలవాటుకు కూడా మంచిదని నోటీసు పెట్టారు. సిబ్బంది ఆరోగ్యం బాగుపడేందుకు వేరే సర్క్యులరు వచ్చింది. ఆటలో పాల్గొనడం పూర్తిగా స్వచ్ఛందమనీ, పాల్గొననివారు కారణాలు రాతపూర్వకంగా సమర్పించాలనీ అందులో ఉంది.

హెడ్ గుమాస్తా చెన్నకేశవులు ఆ సర్క్యులరును రెండుసార్లు చదివాడు. ఆయనకు నలభై నాలుగేళ్ళు, ఇరవై రెండేళ్ళ సర్వీసు, కొద్దిగా పొట్ట. ధర్మవరంలో మగ్గం ముందు నాయన నడుము వంగిపోవడం చూసి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని గుమాస్తాగిరీలోకి వచ్చి పడ్డ మనిషి. జూన్‌లో సూపరింటెండెంటు కుర్చీ ఖాళీ కాబోతోంది. ఆ కుర్చీకి పేరు సిఫారసు చేయవలసినవారు కొత్త ఆఫీసరుగారే. కాబట్టి చెన్నకేశవులుకు టెన్నిసు మీద చిన్నప్పటి నుంచీ ఎంత మక్కువ ఉన్నదో ఆ క్షణంలో తెలిసివచ్చింది.

ఇక రాకెట్టు కావాలి. ఇది తేలిక విషయం అనుకునేవారు ఏనాడూ ఉద్యోగం చెయ్యనివారు. రికార్డు సెక్షన్ జయరాముడు తొందరపడి బెంగుళూరు నుంచి ఖరీదైన రాకెట్టు తెప్పించాడు. అది ఆఫీసరుగారి దానికంటే కొత్తగా మెరిసింది. పదో రోజుకు అతనికి ఆమడగూరు బదిలీ అయింది, పరిపాలనా సౌలభ్యం కోసం. డెస్పాచి గుమాస్తా చవకగా దొరికిందని పిల్లలాడుకునేది కొన్నాడు. మొదటి దెబ్బకే దాని తల ఊడి ఆఫీసరుగారి పాదాల దగ్గర పడింది. అతనికి అవిధేయత కింద మెమో వచ్చింది.

ఈ రెండు ఉదాహరణలనూ పక్కపక్కన పెట్టుకుని చెన్నకేశవులు ఒక నిర్ణయానికి వచ్చాడు. రాకెట్టు మంచిదై ఉండాలి, కానీ ఆఫీసరుగారిది అంతకంటే మంచిదిగా కనపడాలి. ధర తక్కువ ఉండాలి, కానీ తక్కువన్న సంగతి తెలియకూడదు. అన్నిటికంటే ముఖ్యం, రోజూ గౌరవంగా ఓడిపోవడానికి పనికి రావాలి.

ఆ సమయంలో ఆయన బల్ల ముందు సిద్ధమ్మ నిలబడి ఉంది. ఆమడగూరు దగ్గరి పల్లె నుంచి ఎనిమిది నెలలుగా వస్తున్న మనిషి. మొగుడు పోయాక మిగిలిన రెండెకరాల మెట్టకు పట్టా ఇచ్చారు గానీ, అందులో ఆమె పేరు సిద్ధప్ప అని పడింది. ఒక్క అక్షరం దిద్దాలి. మరిది ఓబన్న ఆ సంగతి తెలుసుకుని, పట్టా నీది కాదంటూ చేనిగట్టు మీద తిరుగుతున్నాడు. వానలు పడేలోగా కాగితం చేతికి రాకపోతే వేరుశనగ ఎవరు విత్తుతారో ఆమెకు తెలుసు.

"నువ్వు నన్ను చూస్తాండావు గదా సామీ. నేను సిద్ధప్ప మాదిరి ఉండానా?" అంది.

ఆయన ఆమెను చూడటం లేదు. బెంగుళూరు కంపెనీ జాబితాలో రాకెట్ల బొమ్మలు చూస్తున్నాడు. ఆఫీసరుగారి సంతకం కావాలనీ, ఆయన కోర్టులో ఉన్నారనీ చెప్పాడు. అబద్ధం కాదు. సిద్ధమ్మ మాత్రం అది వేరే కోర్టు అనుకుని, అక్కడ ప్లీడరును పెట్టుకోవాలా అని అడిగి వెళ్ళి వరండాలో కూర్చుంది.

ఆదివారం ఆయన హిందూపురం వెళ్ళాడు. పలకలు, సిరాబుడ్లు, ఫుట్‌బాళ్ళు అమ్మే తిమ్మప్ప అంగట్లో అటక మీద ఒక పాత రాకెట్టు ఉంది. ఊరు వదిలిపోతూ ఎవరో వకీలు అమ్మేసి వెళ్ళినది. బంతి తగిలే అల్లికలోని నరాలన్నీ తెగిపోయి, కర్ర మాత్రం మిగిలింది. ఈ కథలో తన పని తెలిసిన మనుషులు ఇద్దరే ఉన్నారు. తిమ్మప్ప అందులో మొదటివాడు.

తిమ్మప్ప కర్రను బల్ల మీద పరిచి, యాడా వంపు లేదని చూపించాడు. పిడిని చేత్తో పట్టుకోమని, వేళ్ళ కొసలకూ అరచేతికీ నడుమ రెండో చేతి వేలు ఒకటి పట్టాలన్నాడు. పట్టింది. ఒక వేలి మీద నిలబెట్టి బరువు తలవైపు లాగడం లేదని చూపించాడు.

"పొద్దుపోకకు ఆడుకునేవానికి ఇంతకన్నా వద్దప్పా," అన్నాడు. "పేరుకు దుడ్లు పెడతారు జనం. ఆడేది చెయ్యి. పదకొండు రూపాయలియ్యి. గొర్రెపేగుల నరాలు ఎక్కించుకుంటే ఇరవై ఏండ్లు ఉంటాది."

గొర్రెపేగులు అన్న మాటకు చెన్నకేశవులు చెయ్యి పిడి మీది నుంచి దానంతటదే జారిపోయింది. వాళ్ళది నీచు ముట్టని ఇల్లు. అయినా కొన్నాడు. పైఅధికారి అభిరుచి ముందు ఆచారం ఎంత అని బస్సులో పెనుకొండ దాకా తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

భార్య రామాంజినమ్మకు నచ్చజెప్పడం అంత సులువు కాలేదు. ఆమె సంగతంతా విని, కర్రను అటూ ఇటూ తిప్పి చూసి, గడప బయట ఆనించింది. "పేగులు గడప దాటేదానికి ల్యాదు," అంది. "మీరు కావాలంటే రావచ్చు." కాసేపయ్యాక, అన్నం వడ్డిస్తూ, ధర్మవరంలో తన పెదనాయన కొడుకు గంగాధరప్ప మగ్గం మీద ఊరికే కూచోలేదు గదా, పట్టుతో అల్లించుకోరాదా అని తనే అడిగింది.

గంగాధరప్ప దాన్ని చూసి మొదట జల్లెడ చట్రం అనుకున్నాడు. ఆట సంగతి విని నవ్వలేదు. బంతి ఎంత బరువు, ఎంత వేగంతో వచ్చి తగులుతుంది, నరాలు అప్పుడు ఎంత లోపలికి పోవాల, ఎంత తొందరగా వెనక్కి రావాల అని అడిగాడు. గంగాధరప్ప తనే ఆలోచించుకుని, పట్టును పన్నెండు పోగులు కలిపి పేనాడు, జిగురులో నానబెట్టాడు, రెండు రోజులు నీడన ఆరబెట్టాడు. మూడో రోజున కొయ్యమేకులు పెట్టి ఒక్కొక్క పోగూ లాగి బిగిస్తూ, గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుని వింటూ, మోగని పోగును విప్పి మళ్ళీ బిగించాడు.

చెన్నకేశవులు భయపడ్డాడు. కొంచెం వదులుగా ఉంచమనీ, మరీ బాగుంటే ఆఫీసులో చిక్కులు వస్తాయనీ మెల్లగా చెప్పాడు.

గంగాధరప్ప పని ఆపలేదు. "వదులుగా లాగేది నాకు చేతకాదు బావా. అట్ల కావాలంటే వేరేవాళ్ళ దగ్గరికి పో."

దుడ్లు ఇవ్వబోతే తీసుకోలేదు. మంచి వస్తువు తక్కువ ధరకు దొరకడం అంటే ఇదే. అది చెన్నకేశవులు కొంప ముంచింది, లేదా నిలబెట్టింది. మొత్తం విన్నాక పాఠకులే తేల్చుకోవచ్చు.

మే నెలలో ఆయన వంతు వచ్చింది. పద్ధతి ప్రకారం సిబ్బంది అంతా గీతల చుట్టూ నిలబడ్డారు. ఆఫీసరుగారి బంతి గీత దాటి పడితే గాలి తోసిందనేవారు, వలలో పడితే వల ఎత్తు మీద ఫిర్యాదు రాసుకునేవారు. ఆ మూడు నెలల్లో ఆఫీసరుగారు ఒక్క ఆటా ఓడలేదు. దేశంలో ఇంత గొప్ప ఆటగాడు ఇంత చిన్న ఊళ్ళో ఉండటం గురించి అకౌంటెంటు ఒక వ్యాసం కూడా రాసిపెట్టాడు. సిద్ధమ్మ వరండా మెట్టు మీద నుంచి చూస్తోంది. ఆట అయిపోతే సంతకం అవుతుందని బంట్రోతు చెప్పాడు.

చెన్నకేశవులు నిజాయితీగా ఓడిపోవడానికే దిగాడు. మొదటి బంతిని వలలోకి కొట్టాలని చెయ్యి చాపాడు. పట్టు టంగుమంది. బంతి వల దాటి, మూలగీత మీద పడి, ఆఫీసరుగారు తిరిగేలోపు వెళ్ళిపోయింది. రెండోదాన్ని బయటికి పంపాలని గట్టిగా కొట్టాడు, అది లోపలే పడింది. క్షమించండి సార్ అన్నాడు. మూడోదానికి కూడా అన్నాడు. నాలుగోదానికి అనడం మరిచిపోయాడు.

ఎప్పుడు మరిచిపోయాడో ఆయనకే తెలియదు. చేతిలో కర్ర తేలికగా ఉంది. బంతి తగిలినప్పుడల్లా ఒక చిన్న మోత భుజం దాకా పాకుతోంది. ఆయన పరుగెత్తాడు. పొట్ట ఉన్న సంగతి, జూన్ నెల వస్తున్న సంగతి, అవతల ఉన్నది ఎవరన్న సంగతి అన్నీ పోయాయి. ఇరవై రెండేళ్ళలో ఆయన ఎవరి ఉద్దేశం ఏమిటో ఆలోచించకుండా గడిపిన సమయం ఆ ముప్పావుగంట ఒక్కటే. ఆరు-నాలుగుతో ఆయన గెలిచి ఆట ముగిసింది. ముగిశాక చుట్టూ చూశాడు. అకౌంటెంటు అయితే తనకు చెన్నకేశవులుతో పరిచయం లేనట్టు అప్పటికే నాలుగడుగులు జరిగి నిలబడ్డాడు.

ఆఫీసరుగారు వల దగ్గరికి వచ్చారు. రాకెట్టు తీసుకుని, బొటనవేలితో పట్టును నొక్కి చూశారు. "ఎక్కడిదయ్యా ఇది?" అన్నారు.

ఆయన ముఖంలో కోపం లేదు. ఆయన నిజంగా ఆటంటే ఇష్టమున్న మనిషి. మూడు నెలల తర్వాత మొదటిసారి తనతో ఎవరో ఆడారు. చెన్నకేశవులు ఇంకో నిమిషం నోరు మూసుకుని ఉంటే, రేపు మళ్ళీ ఆడదాం రమ్మని ఉండేవారేమో. కానీ ఇరవై రెండేళ్ళ సర్వీసు ఒక్కసారిగా మేలుకుంది.

"తమ కోసమే చేయించింది సార్," అన్నాడు. "తమరి చేతికి ఇచ్చేముందు పరీక్షించాలి గదా అని ఆడి చూశాను. గెలిచింది రాకెట్టే సార్. నాదేముంది."

ఆఫీసరుగారు రాకెట్టు చంకలో పెట్టుకుని జీపు ఎక్కారు. చెన్నకేశవులు ఖాళీ చేతిని ఒకసారి పంచెకు తుడుచుకున్నాడు. ఏదో పోయినట్టు అనిపించింది. ఏమిటో వెతుక్కునేలోపే అందరూ వచ్చి కరచాలనం చేశారు.

జూన్ రెండో తేదీన ఉత్తర్వులు వచ్చాయి. చొరవ, విధేయత, సామగ్రి ఎంపికలో అసాధారణ వివేచన అనే మూడు గుణాలను పురస్కరించుకుని చెన్నకేశవులును సూపరింటెండెంటుగా నియమించారు. మిగిలిన సిబ్బంది ధర్మవరం పరుగెత్తారు. గంగాధరప్ప ఎవరికీ వదులుగా అల్లి ఇవ్వనన్నాడు. దాంతో పనితనం లేని వేరే మనిషిని వెతికి పట్టుకుని, రెట్టింపు ఇచ్చి, బంతి తగిలితే కుంగిపోయే రాకెట్లు పదహారు చేయించుకున్నారు.

కొత్త కుర్చీలో కూర్చుని ఆయన సిద్ధమ్మ ఫైలు తెప్పించాడు. అది మెచ్చుకోవాల్సిన విషయమే. తప్పు పడ్డ చోటు వెతికి చూశాడు. సిద్ధప్ప అన్న ఆ అక్షరాలు గుండ్రంగా, అందంగా, తన సొంత దస్తూరీలోనే ఉన్నాయి. దిద్దితే ఎవరు రాశారన్న ప్రశ్న వస్తుంది, ప్రశ్న వస్తే విచారణ వస్తుంది, కుర్చీకి వారం రోజులే వయసు. బయట మబ్బు పట్టి ఉంది.

ఆయన కలం తీసి, రికార్డులో తప్పులు పడే అవకాశం లేదు గనుక సిద్ధప్ప అనే వ్యక్తి ఉండే ఉంటాడనీ, అతనికి నోటీసు పంపి అభ్యంతరాలు కోరాలనీ రాశాడు. నోటీసు పల్లెకు వెళ్ళింది. సిద్ధప్పను నేనేనని ఓబన్న వేలిముద్ర వేసి తీసుకున్నాడు. ఆఫీసులో అందరికీ సంతోషమైంది. ఇన్నాళ్ళకు రికార్డుకు తగ్గ మనిషి దొరికాడు. ఫైలు మూసేశారు. ఆ వారమే వాన పడింది, ఓబన్న విత్తాడు.

సిద్ధమ్మ వచ్చి ఏడవలేదు. "ఓబన్నే సిద్ధప్పయితే, మరి నేనెవరు సామీ?" అని అడిగింది.

ఆ ప్రశ్న దరఖాస్తులో లేదని ఆయన చెప్పాడు. చెబుతూ ఆమె ముఖం చూడలేక కిటికీలోంచి చూశాడు. అక్కడ ఆఫీసరుగారు పట్టు రాకెట్టుతో అకౌంటెంటును ఓడిస్తున్నారు. ఆ మోత ఇక్కడికి వినపడుతోంది. లేచి కిటికీ మూశాడు.

ఆ ఆదివారం పురప్రముఖులంతా కలిసి సూపరింటెండెంటుగారికి ఆఫీసు హాల్లోనే సన్మానం చేశారు. పేద నేతగాడి బిడ్డ కేవలం కృషితో ఇంత ఎత్తు ఎదిగాడని అధ్యక్షులు ఉపన్యసించారు. క్రీడాస్ఫూర్తి మీద అకౌంటెంటు ముప్పావుగంట మాట్లాడాడు. బొరుగులు, మిరపకాయ బజ్జీలు బాగున్నాయి. మనమందరం వెళ్ళాం, చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టాం. సిద్ధమ్మ సంగతి మనకు తెలియదని తర్వాత కొందరన్నారు గానీ, అది నిజం కాదు. ఆమె హాలు గుమ్మానికి అడ్డంగా మెట్టు మీద కూర్చుని ఉంది. పంచెలూ చీరలూ ఆమెకు తగలకుండా ఎత్తిపట్టుకుని, ఆమెను దాటుకునే మనం లోపలికి వెళ్ళాం.