టన్ను గాలికి చొక్కా

కార్బన్ డయాక్సైడ్ ఒక టన్ను అంటే ఎంతో ప్రజలందరికీ పదిహేను రోజుల్లోగా అర్థమైపోవాలని వాయుశాఖ డైరెక్టరుగారు సోమవారం ఉదయం ఉత్తర్వు జారీ చేశారు. అర్థం చేయించే పని గుమస్తాకు అప్పగించారు. గుమస్తాకే ఇంతవరకూ అర్థం కాలేదు కనుక ప్రజల ఇబ్బంది అతనికే బాగా తెలుస్తుందని శాఖ భావించింది.

గుమస్తా వారం రోజులు పుస్తకాలు తిరగేసి, తల పట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఉల్లిపాయలు తరుగుతున్న భార్య సంగతంతా విన్నది.

"గాలిని కిలోల్లో చెబితే ఎవరికి తెలుస్తుందండీ? బీరువా కొనేటప్పుడు నేను బరువు అడిగానా? గదిలో పడుతుందా అనే కదా అడిగాను. ఎంత చోటు పడుతుందో చూపించండి."

మర్నాడు లెక్క వేస్తే టన్ను గాలికి మూడంతస్తుల మేడంత బెలూను కావాలని తేలింది. టెంట్లు కుట్టే దర్జీ నాలుగు రోజుల్లో నల్లగుడ్డతో కుట్టిచ్చాడు. "నలభై ఏళ్లుగా జనానికి నీడ కుట్టాను. గాలికి చొక్కా కుట్టడం ఇదే మొదలు" అన్నాడు. ఆఫీసు ముందు నిలబెట్టి అందులో మామూలు గాలే నింపారు. అసలుది నింపితే, చిరుగు పడిననాడు చూసి మెచ్చుకునేవాళ్లు మిగలరు.

ప్రారంభోత్సవానికి డైరెక్టరుగారు ఒక కారులోనూ, ఆయన ప్రసంగం రెండో కారులోనూ, ప్రసంగం పోతే చదవాల్సిన నకలు మూడో కారులోనూ విచ్చేశాయి.

"ఈ భూతాన్ని మన నెత్తిమీదికి తెచ్చినవాళ్లు ఎంతటివారైనా సరే, ఉపేక్షించేది లేదు" అని ఆయన గర్జించారు. చప్పట్లు ఆగాక గుమస్తాను పక్కకు పిలిచారు. "ఇంతకీ ఇది ఎవరిదయ్యా?"

"మన ఆఫీసుదేనండి. ఐదు రోజుల్లో మనం వదిలేదింత. ఏసీలూ, కార్లూ కలిపి."

డైరెక్టరుగారు గొంతు తగ్గించారు. "ఆ ముక్క బోర్డు మీద రాయకు. జనం కంగారుపడతారు."

అప్పటికే రాసి ఉన్న బోర్డును గుమస్తా తన రుమాలుతోనే తుడిచాడు.

జనం మాత్రం తండోపతండాలుగా వచ్చారు. కార్లలో వచ్చారు. పిల్లలకు ఉక్కపోయకుండా ఇంజన్లు ఆపకుండానే ఉంచి, దిగి ఫొటోలు తీసుకున్నారు. సాయంత్రానికి వాళ్లు వదిలిన పొగకే ఇంకో రెండు బెలూన్లు కావాలని గుమస్తా విన్నవిస్తే, డైరెక్టరుగారు దాన్ని 'అపూర్వ ప్రజాదరణ' కింద నమోదు చేయించారు.

చివరిరోజు గుమస్తా గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినే అడిగాడు.

"అర్థమైందాండీ?"

"బ్రహ్మాండంగా."

"ఈ పొగ ఎవరిదంటారు?"

"ఇంకెవరిది, మా పక్కింటాయనది. ఆయనకు రెండు కార్లు."

ఆ వెనకే పక్కింటాయన వచ్చాడు. "మా పక్కింటాయనదే. ప్రతి గదికీ ఏసీ ఉంది" అన్నాడు. తర్వాత వచ్చినవాళ్లందరిదీ అదే మాట.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా విని భార్య నవ్వింది. "మరి మీరేం చెప్పారు?"

"నన్నెవరూ అడగలేదు" అన్నాడు గుమస్తా. చెయ్యి కడుక్కుంటూ, "అడిగితే డైరెక్టరుగారిదని చెప్పేవాణ్ణి" అన్నాడు.

ప్రజల్లో నూటికి నూరుమందికీ విషయం అర్థమైందనీ, నేరం చేసింది పక్కింటాయనేననీ శాఖ నివేదిక సమర్పించింది. గాలింపు మొదలైంది. చదువుతున్న మీరు కంగారుపడనక్కర్లేదు. అధికారులు ముందు కొట్టేది మీ పక్కింటి తలుపే. ఆయన వేలు ఎటు చూపిస్తాడన్నది ఆ తర్వాతి సంగతి.