పద్నాలుగు దినముల మూల గది దిగ్విజయం

ఫాల్గుణ భానుడు దేశనూరు మిద్దెల నెత్తిన నిప్పులు కురిపించుచుండగా, కాలువ నీరు పొట్టకొచ్చిన వరిచేల పాదాలను తడుపుచుండగా, పగలు పదకొండు గంటల మహాముహూర్తాన, హరిబాబు గారి ఇంటి ముందరి అరుగుకట్టపై ఒక ఎర్రగళ్ళ తువాలు విప్పబడెను. ఆ తువాలు కిందనే ఈ ఘోరసంగ్రామం జరిగినది. ఓ కావ్యదేవతా, నా కలమునకు బలమిమ్ము! గొంతునకు ఇచ్చినా ప్రయోజనం లేదు.

ఈ గాథానాయిక హరిబాబు ఏకైక పుత్రిక ఝాన్సీలక్ష్మి, అనగా నేనే. పదవ తరగతి విద్యార్థిని, కవాటపృష్ఠనివాసిని, హాజరు పలుకుటకు సైతం మూడు మార్లు ఊపిరి పీల్చు ధీర. అట్టిదానికి ఆ పేరు పెట్టిన తాతగారి దూరదృష్టిని ఏమని కొనియాడుదును!

నాన్నకు సండూరులో లారీలు తూచే కాటా దగ్గర ఉద్యోగం దొరికినది. కనుక ఇల్లు అమ్మవలె. పద్దెనిమిది లక్షలకు ఒక్క రూపాయి తగ్గినా అక్కడ చూసిన ఇల్లు చేజారును. కొనవచ్చినది మద్దమ్మ. కూలిపనితో మొదలై, ముప్పై ఏండ్లు ఎనుముల వ్యాపారం చేసి, తాలూకాలోని సంతలన్నిటా దళారులను గడగడలాడించిన బేరసార్వభౌమ.

మొదటి యుద్ధం నాన్నది. "ఇరవై లక్షలు!" అని సింహగర్జన చేసి, ప్రతిపక్షం నోరు తెరువకమునుపే, "పోనీ పంతొమ్మిది... మనలో మనకేంది, పద్దెనిమిదిన్నర... పద్దెనిమిదింబావు..." అని తన కోటగోడలను తానే కూల్చుకొనసాగెను.

"ఇంకా మాట్లాడప్పా, మాట్లాడు," అన్నది మద్దమ్మ వక్క కొరుకుతూ. "నువ్వు మాట్లాడేకొద్దీ నాకు మిగులుతాంది. పదిహేడు. దాని మీద నాకు మనసు లేదు."

మధ్యవర్తి దురుగప్ప చేయెత్తెను. "ఇంగ నోళ్ళు మూయండి. నోటితో అయితే ఈయప్ప ఇల్లు ఊరికే ఇచ్చేటట్టుండాడు. తువాలు ఏస్తా."

సంతలో పశువుల ధర పరులకు తెలియకుండా తువాలు కింద వేళ్ళు పట్టుకొని తేల్చుట ఇక్కడి ఆచారం. దురుగప్ప లెక్క చెప్పెను: పదిహేడు లక్షల పైన ఒక్కో వేలికి ఇరవై వేలు; ఐదు వేళ్ళూ పట్టుకొంటే పద్దెనిమిది. పరస్త్రీ చేయి పట్టుటకు నాన్న జంకెను. మా అమ్మ నాగవేణి పెదవులు కదపక లెక్కపెట్టజాలదు. అందరి దృష్టి తలుపు చాటున కనబడుతున్న నా జడ మీద పడెను.

"పాపను పిలువప్పా, ఆయమ్మి యాడా మాట్లాడదు," అన్నాడు దురుగప్ప.

అట్లు నేను రణరంగమునకు ఈడ్వబడితిని. తువాలు కింద మద్దమ్మ హస్తం నా హస్తమును కబళించెను. రెండు వేళ్ళు పట్టినది. నేను కదల్లేదు. మూడు. కదల్లేదు. నాలుగు. ప్రళయకాలమున మేరుపర్వతం వలె నిశ్చలంగా ఉంటిని. ఇది వ్యూహమని లోకులు తలచిరి. నిజమునకు భయంతో నా చేయి తిమ్మిరెక్కినది.

"ఏం పాపా, ఇది చెయ్యా, గుంజా?" మద్దమ్మ నుదుట చెమట పట్టెను. "ఉలకదు, పలకదు! నా సర్వీసులో ఇట్లాంటి దళారీని చూడలేదు." ఐదవ వేలు కూడా పట్టుకొనెను. నేను తల ఊపితిని.

"వ్యాపారం ఆయ్తు, కుదిరిపాయ!" అని దురుగప్ప కేక వేసెను. నాన్న కన్నులు చెమర్చెను.

అంతట మద్దమ్మ, "యుగాదికి పాలు పొంగిస్తా. ఆ పొద్దుటికి ఇల్లు కాళీ కావాల" అనెను. "అట్లే, అట్లే" అన్నాడు నాన్న, అలవాటు కొద్దీ.

యుగాది! నా పరీక్షల నడుమ! చివరి పరీక్ష పండుగకు పద్నాలుగో నాడు! సండూరు నుండి ఇక్కడి పరీక్షాకేంద్రమునకు రోజూ ఎట్లు రాగలను? ఆగుమన్నట్లు, తువాలు కింద ఇంకనూ చిక్కియున్న ఆమె చేతిని ఐదు వేళ్ళతో గట్టిగా పట్టుకొంటిని.

"చూస్తివా దురుగప్పా!" మద్దమ్మ ఎగిరి లేచెను. "ఒప్పుకున్నాక మళ్ళా ఐదు! ఇంకో లచ్చ! ఇదేం పిల్లప్పా, మొసలి!"

బేరం చెడుచున్నది. ఇల్లు పోవుచున్నది. నా హృదయం ఇట్లు గర్జించెను: "ఓ మహిషవిక్రయవిశారదా! ధనాశ కాదిది! సరస్వతీసమరాంగణమున నిలిచిన ఈ అబలకు పక్షం దినాల గడువొసగి కీర్తికాంతను వరింపుము!"

నోట వచ్చినది మాత్రం: "పరీచ్చలవ్వా."

"ఏందీ?"

"డబ్బులొద్దు. దినాలు. పద్నాలుగు."

నేను మాట్లాడితినని అమ్మ నోటికి కొంగు అడ్డుపెట్టుకొనెను.

"బాడిగింటోడు యుగాదికి నన్ను ఎళ్ళమన్నాడు పాపా. సామాను నెత్తిన పెట్టుకుంటానా? ఐదు దినాలిస్తా."

"పద్నాలుగు."

"ఏడు."

"రెండు గదులు సాలవ్వా. నాకూ అమ్మకూ. పద్నాలుగు."

"రెండా? మూల గది ఒకటి. అదీ నా జొన్నల డ్రమ్ము ఆడనే ఉంటాది."

"సరే."

మద్దమ్మ తువాలు దులిపి దురుగప్ప భుజాన వేసెను. "నోరు లేనిదని పంపిస్తిరి కదప్పా! ఆ నోరు ముందే తెరిచింటే నేను ఇరవైకే కొనేదాన్ని, జాలితో కాదు, దిగులుతో. పాపా, బాగా రాయి. పండగ నాడు బెల్లం ఓళిగెలు నా పొయ్యి మీదివే తినాల."

వినుడు సమస్తలోకవాసులారా, విజయసీమకు చెక్కుబంది! తూర్పునకు మద్దమ్మవ్వ జొన్నల డ్రమ్ము. పడమటికి తెరుచుకొనని కిటికీకి అడ్డంగా మా బీరువా. ఉత్తరమునకు చెమ్మగోడ. దక్షిణమునకు గడియ లేని తలుపు. ఈ చతుస్సీమల నడుమ, ఒక చాప, ఒక అమ్మ, ఆరు పాఠ్యపుస్తకములతో, పద్నాలుగు దినములు ఝాన్సీలక్ష్మి నిరాటంకంగా ఏలును గాక. మోకాళ్ళు ముడుచుకొని పడుకొన్నచో.